తీసుకోని బంటు

"ఆగండి మేడం. ఆ ఎత్తు మళ్లీ చూపించండి," అన్నాడు వరప్రసాదం.

సుజన తెల్లబంటును వెనక్కి తీసి మళ్లీ ముందుకు జరిపింది. కాపు లేకుండా, ఎదుటివాడు తీసుకోవడానికి వీలుగా నిలబడింది అది.

ఆత్మకూరులో అతను ఆదివారాలు చెస్ నేర్పే హాలు. పిల్లలు వెళ్లిపోయారు. ఉదయగిరిలో నర్సుగా చేస్తున్న సుజన పొద్దున్నే బస్సెక్కి వచ్చి, పాత ఆట ఒకటి చూసిపెట్టమని అడిగింది. చదువుకునే రోజుల్లో ఏదో పోటీలో ఆడిందట. తెల్లపావులు ఆమెవి. ఎత్తులన్నీ ఇప్పటికీ కంఠతా వచ్చు.

"మొదట్లోనే బంటును ఊరికే ఇచ్చేసినారే. ధైర్యమే మీది."

"ఇస్తే అతను తీసుకోలేదు సార్. గుర్రాన్ని బయటికి తెచ్చినాడు. ఎందుకో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు."

"అది తప్పేం కాదు. తీసుకుంటే ఆట ఎక్కడికి పోతాదో తెలీదు కదా. భయపడినాడు."

"భయమా, ఇష్టం లేకనా?"

వరప్రసాదం నవ్వాడు. "బోర్డు మీద ఎత్తులే కనపడతాయి మేడం."

ఇంట్లో పెళ్లిమాట ఎత్తినప్పుడల్లా ఆమె ఏదో ఒక వంక చెబుతూ వచ్చింది. అడగాల్సిన మనిషిని ఈ ప్రశ్న అడగకుండానే తలలో వెంట్రుకలు నెరిశాయి.

మిగతా ఎత్తులు ఒక్కొక్కటే ఆడి చూపించింది. చివరికి వచ్చేసరికి అతను కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"ఇక్కడ ఏం చేసినాడు?"

"ఓడిపోయినానని రాజును పడుకోబెట్టినాడు. లేచి పోయినాడు."

"గెలిచే ఆట ఇది. మంత్రిని ఇటు జరిపితే మీ పని అయిపోయినట్టే. అంతదాకా అంత బాగా ఆడినోడికి ఇది కనపడకుండా ఉండదు. కావాలనే ఓడినాడు."

"ఎందుకు?" అంది సుజన.

"మీరు గెలిస్తే చూడాలని ఉండిందేమో. అతన్నే అడగాల. ఇప్పుడు యాడుంటాడు?"

"ఈ ఊళ్లోనే సార్."

అతని ఫోన్ మోగింది. "వస్తా ఉండా, పిల్లలకు అన్నం పెట్టు," అని చెప్పి, పావులను డబ్బాలో వేయసాగాడు.

"ఈసారి అతన్ని కూడా పిలుచుకోని రండి మేడం. అట్టాంటోడితో ఒక ఆట ఆడాలని ఉండాది."

"చూస్తాను సార్."

సుజన అతని ముఖంలోకి కాసేపు చూసి, బస్టాండు దారి పట్టింది.

ఆనాటి పోటీలో నల్లపావులతో ఆడింది వరప్రసాదమే.