పాత పుస్తకాలే కావాలి

"ఈ విక్కా మంత్రవిద్యలో రెండు దారులున్నాయక్కా. మీకు ఏ దారి కావాలి?" అంది కరుణశ్రీ.

వినీల బిక్కమొహం వేసింది. మంత్రాల్లోనూ దారులుంటాయని ఆమెకేం తెలుసు! ఏదో వీడియో చూసి, తిరువూరు బస్టాండు వెనక సందులో ఉన్న ఈ పాత పుస్తకాల షాపుకొచ్చి, "ఫారిన్‌లో మంత్రగత్తెలు చదివే పుస్తకాలు తెప్పిస్తారా?" అని పోయినవారం అడిగింది. షాపు నడిపే కరుణశ్రీకి నవ్వొచ్చింది గానీ, అడిగిన మనిషి కళ్ళు చూసి ఆపుకొంది. హైదరాబాదు నుంచి నాలుగు పుస్తకాలు తెప్పించింది.

"సంప్రదాయ విక్కా అంటే గురువుండాలి, ఒక కూటమి ఉండాలి. వాళ్ళు దీక్ష ఇస్తేనే లోపలికి రానిస్తారు. ఉత్త పుస్తకాలతో రాదు. రెండోది ఒంటరిగా నేర్చుకునేది. మీరు, ఒక కొవ్వొత్తి, నాలుగు ఆకులు, వెన్నెల. అంతే."

"ఒంటరిదే ఇవ్వమ్మా. గురువులూ గుంపులూ వద్దు. ఇంట్లో తలుపేసుకుని ఒక్క మనిషి నేర్చుకునేదే కావాలి."

"ఎందుకో అడగొచ్చా అక్కా?"

"మా పాపకి బాగోలేదు" అంది వినీల.

ఉగాదికి పట్టులంగా కట్టుకుని వినగడప వీధులన్నీ తిరిగిన హాసిని, ఇప్పుడు లేచి కూర్చోవాలంటే ఎవరో ఒకరు వీపు పట్టుకోవాలి. విజయవాడ డాక్టర్లు చేతులెత్తేశారు. ఇంటికి తీసుకెళ్ళి అడిగింది పెట్టమన్నారు. నెమలి ఊరి వేణుగోపాలస్వామికి మొక్కని మొక్కు లేదు. చివరికి ఎదురింటి వెంకాయమ్మ వచ్చి, పిల్ల కనురెప్పలు ఎత్తి చూసి, "ఇది జబ్బు కాదే, చేతబడి. చేసినవాళ్ళే తీయాలి. ఇంకెవరివల్లా కాదు" అని పక్క వాటా వైపు చూస్తూ తేల్చేసింది.

మొగుడు అనుదీప్ కసిరాడు. "ఇంకోసారి ఆ మాటెత్తావంటే ఊరుకోను. ఎవరన్నా వింటే నవ్విపోతారు" అన్నాడు.

వినీల మళ్ళీ ఎత్తలేదు. కానీ ఆ మాట ముల్లులా గుండెలో దిగబడింది. పిల్ల బతకాలి. అందుకోసం ఏ గడ్డి కరవడానికైనా ఆమె సిద్ధమే.

కరుణశ్రీ ఆకుపచ్చ అట్ట ఉన్న పుస్తకం ముందుకు జరిపింది. "ఇది తీసుకోండి. కొత్తవాళ్ళకి ఇంతకంటే మంచిది లేదు. చాలా నెమ్మదిగా చెప్తాడు."

"అది కాదు. ఆ నల్లట్టవి రెండూ ఇవ్వు."

ఒకదాని మీద అయిదు కొనల నక్షత్రం, దాని మధ్యలో కత్తి. రెండోదాని మీద పుర్రె, కొవ్వొత్తి.

"అట్ట చూసి కొంటే ఎలా అక్కా? వాటి లోపల సరుకు లేదు."

"చూడగానే ఏంటో తెలియాలి కదమ్మా."

కరుణశ్రీ నిట్టూర్చింది. "సరే. నక్షత్రం ఉన్నదానికి కొత్త కాపీ ఉంది. అదే ధరకిస్తాను. ఇది బాగా నలిగిపోయింది, ఎవరో పేజీ పేజీకీ పెన్సిలు గీతలు కొట్టారు."

"నలిగినదే ఇవ్వు. గీతలున్నా పర్లేదు."

"ఇంగ్లీషు చదవగలరా?"

"నాకెక్కడొచ్చు! మా తోడికోడలు శ్రీలలితక్క ఇంగ్లీషు టీచరు."

"హమ్మయ్య. అయితే ఆవిడ చదివి చెప్తారు."

వినీల తలొంచుకుంది. శ్రీలలితకి పిల్లల్లేరు. హాసిని మంచాన పడ్డాక స్కూలు ఉద్యోగం మానేసి, పక్క వాటాలోంచి పొద్దున్నే వచ్చి కూర్చుంటుంది. ఇవాళ కూడా, "నువ్వెళ్ళిరా వినీలా, దాన్ని నేను చూసుకుంటాగా" అంటూ తనే పంపించింది.

కరుణశ్రీ అలవాటుగా షాపు స్టాంపు చేతిలోకి తీసుకుంది. వినీల గబుక్కున పుస్తకాలు లాక్కుంది. "స్టాంపు వద్దు. బిల్లూ వద్దు."

పాపం సిగ్గుపడుతోందనుకుంది ఆ అమ్మాయి. "ఒక్క మాటక్కా. ఎవరికీ కీడు చేయకూడదన్నది ఇందులో మొదటి నియమం. ఇవి చదివితే మనసుకి కాస్త నిబ్బరం వస్తుందేమో గానీ, పాపకి నయమవుతుందని నేను చెప్పలేను."

"ఇంక నాకు వేరే దారి లేదమ్మా" అంది వినీల. ఆ మాట మాత్రం నిజంగా ఏడుస్తూనే అంది.

పుస్తకాలు పేపర్లో చుట్టి, సంచి అడుగున పెట్టి, పైన బత్తాయిలు పోసుకుని బస్సెక్కింది. దారి పొడుగునా సంచి ఒళ్ళోంచి దించలేదు.

ఇంటికొచ్చేసరికి హాసిని పెద్దమ్మ భుజం మీద తల వాల్చి ఉంది. శ్రీలలిత మొహం వెలిగిపోతోంది.

"వినీలా, రెండు ముద్దలు తింది తెలుసా! మజ్జిగన్నం. కక్కలేదు కూడా."

"నిజమా అక్కా" అంది వినీల.

శ్రీలలిత పిల్లని మెల్లిగా పడుకోబెట్టి, దుప్పటి సర్ది, "నువ్వు కాస్త నడుం వాల్చు. దీని బట్టలు ఉతికేసొస్తా" అంటూ బకెట్టు పట్టుకుని దొడ్లోకి వెళ్ళింది.

వినీల సంచి తెరిచింది. పుస్తకాలు బయటికి తీసి, మళ్ళీ లోపల పెట్టేసింది. మంచం మీద పిల్ల మూలిగింది. మళ్ళీ బయటికి లాగింది.

దొడ్లో బట్టలు బాదుతున్న చప్పుడు వింటూనే పక్క వాటాలోకి వెళ్ళి, ఆ రెండు పుస్తకాలనూ శ్రీలలిత పరుపు కింద దోపి, వీధిలోకి వచ్చి, గుండెలు బాదుకుంటూ ఊళ్ళోవాళ్ళందర్నీ కేకేసింది వినీల.