ఎవరికీ అక్కర్లేని పాట

“ఇది నాది కాదు,” అంది అమ్మాయి.

“నాదీ కాదు,” అన్నాడు ముసలాయన.

రికార్డుల కంపెనీ నడిపే ఆవిడ తల పట్టుకుంది. ఆవిడను అందరూ అక్క అనే పిలుస్తారు.

“నాదంటే నాదని కొట్టుకునేవాళ్ళను చూశాను గానీ, నీదంటే నీదని కొట్టుకునేవాళ్ళను ఇదే చూడడం. సాయంత్రానికి రికార్డు అట్ట అచ్చుకు వెళ్ళాలి. దాని మీద ఎవరి పేరు వెయ్యమంటారు? మా వాచ్‌మన్ పేరు వెయ్యనా?”

“మాస్టారి పేరే వెయ్యి అక్కా. లేదంటే రికార్డే వద్దు. దొంగతనం చేసి నా పేరు పెట్టుకోలేను,” అంది అమ్మాయి, ముసలాయన వైపు చూపిస్తూ.

ముసలాయన పాతకాలపు మిక్సింగ్ మనిషి. పాటలోంచి గొంతు పీకేసి, డ్రమ్మునూ బేస్‌నూ మాత్రం ఉంచి, అక్కడో మాట ఇక్కడో మాట ప్రతిధ్వనిలోకి విసిరేవాడు. డబ్ అంటారు దాన్ని. ఆయన చేతిలో పడ్డ ఏ గొంతైనా బావిలోంచి పిలిచినట్టు వినబడేది. అందుకే బావి మాస్టారన్న పేరు నిలిచిపోయింది. తగువు తీర్చడానికి అక్కే ఆయన్ను పిలిపించింది.

“నా పని నాకు తెలీదా అమ్మాయ్? ఇంకోసారి వెయ్యి,” అన్నాడు.

అమ్మాయి తన రికార్డు పెట్టింది.

కాసేపు ఏమీ లేదు. తర్వాత ఎక్కడో అట్టడుగున సన్నటి ప్రతిధ్వని మొదలైంది. అది పోయే ప్రతిధ్వని కాదు, వచ్చే ప్రతిధ్వని. దగ్గరవుతోంది, లావవుతోంది. మాట ఇంకా పుట్టనే లేదు, దాని నీడ మాత్రం వచ్చి నాలుగు గోడలకూ ఆనుకుంది. అప్పుడు వచ్చింది మాట. వస్తూనే ఆరిపోయింది. డ్రమ్మూ అంతే. ఊపిరి పీల్చుకున్నట్టు ఉబ్బి, ఉబ్బి, ఠక్కున తెగిపోయేది. టేబులు మీది గ్లాసులో నీళ్ళు వణికాయి.

బావి మాస్టారు తనకు తెలియకుండానే లేచి నిలబడ్డాడు. ముంజేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఎవరైనా చూస్తారేమోనని చొక్కా చేతులు కిందికి లాక్కున్నాడు.

పాట అయిపోయింది.

“నలభై ఏళ్ళు ప్రతిధ్వనితో కాపురం చేశాను,” అన్నాడు. “అది ఎప్పుడూ మాట వెనకాలే వచ్చేది, మా ఆవిడలాగా సణుక్కుంటూ. కాస్త ముందు నడవవే అని అడగాలన్న ఊహ కూడా నాకు రాలేదు. ఈ విద్య నాది కాదమ్మా. నాకు అంత లేదు.”

“దాచకండి మాస్టారూ. మీ టేపు నా దగ్గరే ఉంది. మూతబడ్డ స్టూడియోలోంచి టేపు మిషను కొన్నప్పుడు దాంతోపాటు వచ్చింది. ఆరేళ్ళు రోజూ విన్నాను. వెంట్రుకవాసి తేడా రాకుండా చేశాను. అంతే నేను చేసింది. ఆ భాష నోటికి పట్టడానికే నాకు ఏడాది పట్టింది.”

“ఏ భాష?”

“మీరు పాడించిన భాషే! ఏదో తెలుసుకుందామని ఇద్దరు పండితుల్ని అడిగాను. తలా ఒక దేశం పేరు చెప్పారు.”

అక్క ఫక్కున నవ్వింది. మాస్టారు నవ్వలేదు.

“నేనెప్పుడూ మనవాళ్ళ చేత మన మాటలే పాడించాను. ఎవరిదో టేపు నా పేరు చెప్పి నీకు అంటగట్టారు.”

అమ్మాయి సంచిలోంచి అట్టపెట్టె తీసి ఆయన చేతిలో పెట్టింది. మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నాడు. చేతిరాత తనదే. కింద సంతకమూ తనదే.

“వెయ్యి, విందాం,” అన్నాడు.

అమ్మాయి పెట్టెలోంచి రీలు తీసి గదిలో ఉన్న టేపు మిషను మీద పెట్టింది. కొస లాగి అవతలి ఖాళీ రీలుకు చుట్టి మీట నొక్కింది.

మళ్ళీ అదే. అట్టడుగునుంచి ఎక్కి వచ్చే ప్రతిధ్వని, నీడ వెనక మాట, ఊపిరి పీల్చే డ్రమ్ము. అమ్మాయి రికార్డు దీని పక్కన అచ్చుగుద్దినట్టుంది.

మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు.

“నేనే చేశానా ఇది? ఎప్పుడు? ఇంత చేసి మర్చిపోయానా?” ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి సంతోషానివో భయానివో అమ్మాయికి తెలియలేదు. ఆరేళ్ళ పని. ఒక్క ముక్కైనా తనదని ఆయన నోట వస్తుందేమోనని లోలోపల ఎంత ఆశపడిందో ఇప్పుడే తెలిసింది.

“తేలిపోయింది కదా,” అంటూ అక్క పెన్ను తీసి, అట్ట నమూనా మీద ‘బావి మాస్టారు’ అని రాసింది.

మాస్టారు ఆవిడ వైపు చూడడం లేదు. తిరుగుతున్న రీలు వంకే చూస్తున్నాడు. ఉన్నట్టుండి ముందుకు వంగి వేలు అడ్డం పెట్టి దాన్ని ఆపేశాడు.

“అమ్మాయ్, పెట్టెలోంచి తీసి నేరుగా ఇలాగే ఎక్కించేదానివా? ఆరేళ్ళూ?”

“ఇలాగే. ఇంకెలా ఎక్కిస్తారు?”

ఆయన తల అడ్డంగా ఊపాడు. తర్వాత అక్క చేతిలోంచి పెన్ను లాక్కుని, తన పేరు కొట్టేసి, అమ్మాయి చేతికిచ్చాడు.

“టేపు చెడకుండా ఉంటుందని మేం పాట చివరి కొస పైకి ఉండేలా చుట్టి దాచేవాళ్ళం తల్లీ, మొదటికి చుట్టుకోకుండా నువ్వు ఆరేళ్ళూ నా పాటను వెనక నుంచి ముందుకు విన్నావు.”