ఏ ఇబ్బందీ లేదు

“కుంటకు. నర్సు కిటికీలోంచి చూస్తుంది,” అంది లావర్న్ కారు తలుపు తీస్తూ.

“కుంటడమా? పెళ్ళికొడుకులా నడుస్తుంటే!” అన్నాడు ఎల్డన్, పళ్ళు బిగించి.

బూట్లలో అతని అరికాళ్ళు తోలు ఊడి మండుతున్నాయి. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకాక ఏ మందుకూ లొంగలేదు. ఇంకా పరీక్షలోనే ఉన్న ఈ కొత్త మాత్రకు లొంగింది. విస్కాన్సిన్ చలిలోనూ మళ్ళీ ఆవుల కొట్టం దాకా నడుస్తున్నాడు. కాళ్ళు ఇలా అయ్యింది దానివల్లేనని తెలిస్తే మాత్ర ఆపేస్తారని అతని భయం. నిన్న మెట్ల మీద తూలిపడ్డాడు. అయినా, ఆసుపత్రిలో ఎవరికీ చెప్పనని భార్య చేత ఒట్టు వేయించుకున్నాడు.

లోపల పచ్చ టోపీ పెట్టుకున్న ఒకాయన పక్కన కూర్చున్నాడు.

“మీరూ ఆ కొత్త మాత్రేనా?”

“అవును. మీరు?”

“రేపు మొదలు. మీకన్నా పెద్ద మోతాదు. ముందువాళ్ళకు ఏ ఇబ్బందీ లేదట, అందుకే మాకు పెంచుతున్నారు.” అతను టోపీ తీశాడు. “ఆ ముందువాళ్ళెవరో తెలియకుండానే రోజూ భోజనం ముందు ప్రార్థిస్తున్నానండీ. వాళ్ళ మాట మీదేగా నేను మింగబోయేది!”

ఎల్డన్ పాదాలు కుర్చీ కిందికి లాక్కున్నాడు. భార్య వైపు చూశాడు. ఆమె పత్రికలోంచి తలెత్తలేదు.

నర్సు పిలిచింది. “ఏమన్నా ఇబ్బందులా, ఎల్డన్ గారూ?”

ఎప్పుడూ లేదనేవాడు. ఈసారి వంగి బూట్లు విప్పాడు.

“అయ్యో! వీటితోనా నడుస్తున్నారు? ఎంత మొండి మనిషండీ!”

“నన్ను తీసేస్తారా?”

“ఎందుకు తీసేస్తాం?” అన్నాడు డాక్టరు, లోపలికొచ్చి పాదాలు పరీక్షించి. “పుళ్ళు మానేదాకా ఆపి, మోతాదు తగ్గించి మళ్ళీ ఇస్తాం. ఇంకా దాచి ఉంటే చీముపట్టి నిజంగానే మానెయ్యాల్సొచ్చేది. ఇది తేలేదాకా ఎవరికీ మోతాదు పెంచం. చెప్పి మంచిపని చేశారు.”

కారెక్కాక ఎల్డన్ కళ్ళు తుడుచుకున్నాడు. “ఆ టోపీ ఆయన కనబడకపోతే చచ్చినా నోరు విప్పేవాణ్ణి కాదు. దేవుడు ఆయన్ని చల్లగా చూడాలి.”

“చూస్తాడులే. ఉండు, మఫ్లర్ మరిచిపోయాను.”

గుమ్మం పక్కన పచ్చ టోపీ ఆయన చలికి చేతులు రుద్దుకుంటున్నాడు. లావర్న్ ఆ రెండు చేతులూ పట్టుకుంది.

“మీ ఊరి క్రిస్మస్ నాటకంలో కన్నా బాగా నటించావు, గ్లెన్!”