కాకెంగిలి

"వేడి చేసిందమ్మా. నాకెట్లనో పాపకు గట్లనే. నోరు పూసింది, అంతే," అంది శారదమ్మ ఇంటావిడతో, కొంగు పెదవుల మీదికి లాక్కుంటూ.

తన నోటి సంగతి ఆమె నిజంగానే అలా అనుకుంది. పాప నోటి సంగతే ఆమెకు లోపల గుబులుగా ఉంది.

దబీర్‌పురా స్టేషను వెనక సందులో, ఉమాపతిగారింట్లో శారదమ్మ ఆరేళ్ళుగా పనిచేస్తోంది. అంట్లు తోముతుంది, బట్టలుతుకుతుంది, ఆ ఇంటి ఒక్కగానొక్క పిల్ల హైమను బడికి దిగబెట్టి తీసుకొస్తుంది. పిల్లకు తల దువ్వొచ్చు. అన్నం కలిపి పెట్టొచ్చు. ముద్దు మాత్రం పెట్టుకోకూడదు. పనిలో చేరిన రోజునే ఇల్లాలు కామేశ్వరమ్మ ఆ షరతు పెట్టింది. తప్పితే ఆ పూటే గడప దిగిపోవాలి. శారదమ్మ చేతిలో చెయ్యేసి ఒప్పుకుంది.

ఆ మాట పోయిన శుక్రవారం తప్పింది. కామేశ్వరమ్మ సరుకులకని అఫ్జల్‌గంజ్ వెళ్ళింది. హైమ చాప మీద నిద్రపోతోంది. చెమటకు జుట్టు నుదుటికి అతుక్కుని ఉంది. జుట్టు పక్కకు తోద్దామని వంగిన మనిషి ఇంకాస్త వంగింది. బుగ్గ మీద పెట్టబోయిన ముద్దు పెదవి అంచున పడింది. దొంగలా అటూ ఇటూ చూసుకుని మళ్ళీ కిందికి చూస్తే, పిల్ల కళ్ళు తెరిచి ఉన్నాయి.

"అమ్మకు చెప్పకు బిడ్డా," అంది శారదమ్మ.

పసిపిల్లకు దాపరికం నేర్పానన్న సిగ్గు ఆ క్షణం నుంచే మొదలైంది. సరిగ్గా వారం తిరిగేసరికి హైమ పెదవి అంచున నీటి పొక్కులు లేచాయి. శారదమ్మ పెదవి మీద అంతకు ముందునుంచీ ఉన్నవి కూడా అలాంటివే.

కామేశ్వరమ్మ ఇద్దరినీ వెంటబెట్టుకుని ఈశ్వరయ్య డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన పిల్ల నోరు తెరిపించి చూశాడు. తర్వాత శారదమ్మను కొంగు తియ్యమన్నాడు.

"నోటిపూతంటే లోపల అయితది తల్లీ. బుగ్గలకు, నాలుకకు, తెల్లగ పుండయితది. మస్తు మంట పెడ్తది గని ఒకరిది ఒకరికి అంటుకోదు. ఇవి పెదవి బయట లేచిన నీళ్ళ పొక్కులు. ఇవి వేరే. అంటుకుంటయి."

"ఎలా అంటుకుంటాయండీ?" అడిగింది కామేశ్వరమ్మ.

"ముద్దు పెట్టుకుంటే. ఒకరి ఎంగిలి ఒకరు తింటే. ఏం ఫికర్ లేదు, పది దినాలల్ల ఎండిపోతయి."

ఫికర్ లేదని ఆయన తేలిగ్గానే అన్నాడు. శారదమ్మ మాత్రం కొంగు మళ్ళీ పెదవుల మీదికి లాక్కుంది. కామేశ్వరమ్మ పిల్ల పెదవి చూసి, ఆమె వైపు చూసింది. తిట్టినా బాగుండేది. బల్ల మీద కూర్చున్న రోగులందరికీ తన తప్పు తెలిసిపోయినట్టే అనిపించి శారదమ్మ తల దించుకుంది.

"కాకెంగిలి," అంది హైమ.

అందరూ పిల్ల వైపు తిరిగారు.

"జామకాయ. నేనే అడిగిన. శారదమ్మ నా గౌను కప్పి కొరికి ఇచ్చింది. గట్ల చేస్తే ఎంగిలి కాదు కదా?"

డాక్టరు నవ్వాడు. "బట్ట కప్పితే ఎంగిలి కాదేమో గని బిడ్డా, రోగం ఇనదు."

కామేశ్వరమ్మ ముఖం తేటపడింది. "అడిగిన కాదు, అడిగాను అనాలి," అని పిల్లను సరిదిద్ది, మందు చీటీ తీసుకుని లేచింది.

గండం గడిచినట్టే. నోరు మూసుకుంటే పని నిలుస్తుంది, బడి దారిలో ఆ చిన్న చెయ్యి తన చేతిలో ఉంటుంది. కానీ తను బతకడానికి ఆ పిల్ల తడుముకోకుండా అబద్ధమాడింది. ముద్దు పెట్టినందుకు కలిగిన సిగ్గు దీని ముందు ఎంత? దారి పొడుగునా శారదమ్మ ఆ చెయ్యి పట్టుకోలేకపోయింది.

ఇంటికొచ్చాక పిల్లను ఆటకు పంపి, వంటింటి గడపలో నిలబడింది.

"జామకాయ లేదు, ఏం లేదమ్మా. పాప నా కోసం అబద్ధం చెప్పింది. నేనే ముద్దు పెట్టుకున్న."

బియ్యం ఏరుతున్న కామేశ్వరమ్మ చెయ్యి చేటలోనే ఆగిపోయింది.

"నాకు మాటిచ్చావు శారదమ్మా."

"ఇచ్చిన. తప్పిన. మీ మొఖం చూడనీకె సిగ్గయితుంది. రేపటిసంది రావద్దంటే రాను."

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారే. నిద్రపోతుందనుకున్న."

కామేశ్వరమ్మ చేట పక్కన పెట్టింది. కళ్ళు తుడుచుకుంది.

"ఆ పొక్కులు మానేదాకా దాన్ని దగ్గరికి తియ్యకు," అంది చివరికి. "మానాక నీ ఇష్టం."

శారదమ్మ గడపలోనే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

జచ్చాఖానాలో పురుడు పోసుకున్న మూడోనాడు, పొత్తిగుడ్డలతో సహా కామేశ్వరమ్మ ఒడిలో పెట్టేశాక, శారదమ్మ తన కూతురిని ముద్దు పెట్టుకోవడం ఆ శుక్రవారమే మొదలు.