దుప్పటికి రెండో కొస

అన్యాయం జరిగింది ఎవరికి? చెల్లెలికి. ఎలా? ఇంటి ఖర్చు తగ్గించాలని అన్న పనిమనిషిని మాన్పించాడు, బట్టలు లాండ్రీకి వేయడం ఆపించాడు. ఆ పనులన్నీ, మందుల షాపులో పగలంతా నిలబడి పనిచేసి వచ్చే చెల్లెలి మీద పడ్డాయి.

"అన్నయ్యా, కాస్త ఈ దుప్పటి కొస పట్టుకో."

అన్న హుషారుగా వచ్చి పట్టుకున్నాడు. "కొత్త బండి కొనడానికి సరిపడా మిగిలిందే. పొదుపంటే అదీ."

"ముందు మెలితిప్పు."

రెండు మెలికలకే అతని అరచేతులు మండాయి. "ఇంత బరువా? ఇన్నాళ్లూ ఒక్కదానివే ఎలా పిండావే?"

"రెండో కొస కుళాయికి చుట్టేదాన్ని. అదైతే పొదుపు గురించి ఉపన్యాసాలివ్వదు."

అన్న నవ్వబోయి, సబ్బుకు ఒరిసిపోయిన ఆమె వేళ్లు చూసి ఆగిపోయాడు.

"ఖర్చేం తగ్గలేదన్నయ్యా. డబ్బుకి బదులు నేను ఖర్చవుతున్నా. ఈ అద్దింటి అడ్వాన్సుకి నేను దాచుకున్న కోర్సు ఫీజు తీసుకున్నప్పుడు, మిగలగానే ఇస్తానన్నావు."

"మళ్లీ అడగలేదుగా నువ్వు."

"అడిగే ఓపిక ఉండొద్దూ?"

అన్న దుప్పటిని తానే తీగ మీద ఆరవేశాడు. చేతులు తుడుచుకుని, ఫోన్ తీసి, బండికని దాచిన దానిలోంచి ఆ ఫీజు మొత్తం ఆమె ఖాతాకు పంపాడు.

"చూసుకో. సరిపోయిందా?"

"సరిపోయింది," అని చెల్లెలు పగలంతా నిలబడ్డ కాళ్లు చాపుకుని తడి నేల మీదే కూర్చుంది.