పరామర్శకు వచ్చినావిడ

"కూసింత జరుగమ్మా" అంటూ ఆ పెద్దావిడ చెప్పులు గుమ్మం బయట విడిచి, తిన్నగా వచ్చి కెమెరాకీ ఊర్మిళకీ మధ్య చాప మీద కూలబడింది.

సినిమా తీస్తున్న మనోజ్‌కి కట్ చెప్పాలని కూడా తోచలేదు. తార్‌బహార్‌లో, అంటే ఈ హిందీ ఊళ్ళో తెలుగు రైల్వేవాళ్ళుండే పేటలో, ఖాళీగా ఉన్న ఆ ఇల్లు షూటింగుకి ఒక్క రోజుకే దొరికింది. పొద్దుటి నుంచి ఒకటే సీను నానుతోంది. మొగుడు పోయిన ఇల్లు, దండ వేసిన ఫొటో, ముందు దీపం, చాప మీద భార్య. ఆ భార్య వేషం ఊర్మిళది. బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ తెలుగు సంఘం నాటకాల్లో పేరు తెచ్చుకున్న మనిషే గానీ, ఇవాళ ఆమెకి ఏడుపు రానంటే రానంది. తెలుగు డైలాగుల్ని హిందీ అక్షరాల్లో రాసుకుని చదివితే ఏడుపెక్కడి నుంచి వస్తుందని కెమెరా పట్టుకున్న శ్వేత అప్పటికే సణిగింది.

వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. దండ వేసిన ఫొటో రోడ్డు మీదికి కనిపిస్తోంది. దారిన పోయేవాళ్ళు నిజంగానే చావిల్లనుకుంటే అందులో వాళ్ళ తప్పేమీ లేదు. వచ్చినావిణ్ణి మీరెవరని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. ఫొటోలో ఉన్నది సౌండు చూసుకునే గిరిబాబు; అతను మాత్రం చేతిలో మైకు వదిలేసి వంటింట్లో దూరాడు. చచ్చినవాడు ఎదురుపడితే బాగుండదు కదా.

ఆవిడ పేరు అప్పలనర్సమ్మట. ఇల్లు పక్క వీధిలోనేనట. నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు, చేతుల నిండా గాజులు. కెమెరా వైపు చూసి అదేమిటని అడిగింది. రాలేకపోయిన చుట్టాలకి చూపించడానికని శ్వేత తడుముకోకుండా అబద్ధం ఆడేసింది. అచ్ఛా అని తలూపిందావిడ.

తరవాత ఆ ఇంటి పెత్తనమంతా తన చేతిలోకి తీసుకుంది. దీపంలో నూనె పోయించింది. చెప్పులతో నిలబడ్డ మనోజ్‌ని అవి విడిచి రమ్మని బయటికి పంపింది. ఊర్మిళ పొద్దుటి నుంచీ ఏమీ తినలేదని తెలిసి ఇంటికి వెళ్ళి కేరియర్‌లో చారూ అన్నం పట్టుకొచ్చింది. అప్పటికైనా ఆవిణ్ణి ఆపి నిజం చెప్పేయాల్సింది. కానీ మనోజ్ చెయ్యి మాత్రం తీస్తూ ఉండమని శ్వేతకి సైగ చేసింది.

అప్పలనర్సమ్మ ముద్ద కలిపి ఊర్మిళ నోటికి అందించింది.

"తినీసి ఏడువమ్మా. నీకేటి, దండేసిన ఫొటో ఉంది. దాని ముందు కూకుంటే ఎవులూ వొద్దనరు."

ఊర్మిళ ముద్ద నమిలింది గానీ కళ్ళు తడవలేదు. ఆవిడే ఫొటో వైపు తిరిగి, మన ఊళ్ళ వైపు ఆడవాళ్ళు చావింట్లో ఎత్తుకునే రాగం ఎత్తుకుంది.

"ఒక్క మాటైనా సెప్పకండా ఎటెల్లిపోనావయ్యా... ఏ దారిన ఎతకనయ్యా నిన్ను..."

ఊర్మిళ తరఫున ఏడుస్తోందనుకున్నారు అందరూ. ఆ గొంతు విన్నాక ఊర్మిళకి కన్నీళ్ళు ధారలు కట్టాయి. ఆవిడ భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. శ్వేత ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూనే తీసింది. చాలాసేపటికి అప్పలనర్సమ్మ ముక్కు చీది, కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. చావింట్లో వెళ్ళొస్తానని చెప్పకూడదు కాబట్టి చెప్పకుండానే వెళ్ళిపోయింది.

సీను అద్భుతంగా వచ్చింది. అయినా ఎవరికీ సంతోషం లేదు. మోసం చేశామన్న బాధ మనోజ్‌ని పట్టుకుంది.

"పరాయిదాని కోసం అంత ఏడ్చిన మనిషి" అంది ఊర్మిళ. "ఎల్లుండి మళ్ళీ కలిసేలోపు ఆవిడకి నిజం చెప్పు. వద్దంటే ఆ సీను తీసేద్దాం. లేదంటే నేనింక చెయ్యను."

మర్నాడు సాయంత్రం మనోజ్ ఖాళీ కేరియర్ పట్టుకుని అడుగుతూ అడుగుతూ ఆవిడ ఇల్లు చేరాడు. తిడుతుందేమో, శాపనార్థాలు పెడుతుందేమో. ఆ సీను పోతే సినిమాయే లేదు. అయినా చెప్పక తప్పదు.

తలుపు తీసింది ఆవిడ కొడుకు సూర్యం. కొత్త మనిషిని చూడగానే అతని మొహం వెలిగింది.

"నాన్న సంగతి ఏటైనా తెలిసిందా?"

మనోజ్‌కి అర్థం కాలేదు. కేరియర్ ఇవ్వడానికొచ్చానన్నాక సూర్యం నీరుగారిపోయి లోపలికి రమ్మన్నాడు. తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మన్ అట. కొన్నేళ్ళ కిందట డ్యూటీకని వెళ్ళి మళ్ళీ ఇంటికి రాలేదట. అప్పటి నుంచీ సెలవు దొరికితే చాలు, సూర్యం ఒక్కొక్క స్టేషనే దిగి ఫొటో చూపించి వెతుకుతున్నాడు.

"వొస్తాడండి. అందుకే మా ఇంట్లో ఎవులూ ఏడవకూడదని సెప్పీసినాను. బతికున్నోడికోసం ఏడిస్తే అశుభం కదా. మా యమ్మ గట్టి మనిషి, ఇప్పటిదాకా ఒక్క సుక్క కన్నీరు పెట్టలేదు."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ అప్పలనర్సమ్మ ముందుకొచ్చింది. కేరియర్ అందుకుంది. అంతే బొట్టు, అన్నే గాజులు.

కొడుకు ముందు నోరు విప్పడానికి మనోజ్‌కి ధైర్యం చాలలేదు. లేచి గేటు దాకా వచ్చాడు. ఆవిడ వెనకే వచ్చింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పలేనని ఆవిడ వైపు తిరిగాడు.

"అమ్మా, నిన్న ఆ ఇంట్లో..."

ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. కొడుకు లోపలే ఉన్నాడని ఒకసారి వెనక్కి చూసుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"పెద్దకర్మ షూటింగు ఎప్పుడు బాబూ?"