ఊదా దారం

ధర్మవరంలో రెండు నర్సరీలు, పెనుకొండలో ఒకటి తిరిగాం. ఇప్పుడు హిందూపురం. నా కాళ్లు పీకుతున్నాయి.

మగ్గాన్నీ, దాని మీది కప్పు రేకులనూ అమ్మేశాక ఇంటి ముందు, నేసేప్పుడు కాళ్లు పెట్టుకునే గుంత మిగిలింది. నా మొగుడు నరసింహ రోజూ పొద్దున్నే అందులో కాళ్లు పెట్టుకుని టీ తాగుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. దాన్ని పూడ్చి ఊదా లిల్లీలు వేద్దామన్నాను. రంగు తానే చూస్తానని, అది దొరికేదాకా గుంత పూడ్చొద్దన్నాడు.

తాను నేసిన ఆఖరి చీరలో మిగిలిన ఊదా పట్టుదారాన్ని ప్రతి పువ్వు మీదా పెట్టి, ఎండకు తిప్పి చూస్తాడు.

"ఇది ఎరుపు తిరిగిండాది."

ఇంకోదానికి, "ఇది నీలం కొడతాండాది."

"పూలకు అంచు కలపాల్నా ఏంది నువ్వు? ఏదో ఒకటి తీసుకోయ్యా," అని కసిరాను.

వరుస చివర ఉన్న లిల్లీ మీద దారం పెట్టాడు. దారం కనపడలేదు. వంగి చూశాను. పూరేకుదీ దారానిదీ ఒకటే రంగు.

నరసింహ దారాన్ని గబుక్కున తీసి జేబులో వేసుకున్నాడు.

"ఇదీ కలవలేదు," అన్నాడు, నావైపు చూడకుండా.

"లేదు," అన్నాను. "మడకశిరలో చూద్దాం పా."